బ్రౌనీ మేరీ

బ్రౌనీ మేరీగా పేరొందిన మేరీ జేన్ రాత్‌బన్ (1922 డిసెంబరు 22 - 1999 ఏప్రిల్ 10) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సంఘసేవకురాలు, ఉద్యమకారిణి. కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ఎయిడ్స్, కేన్సర్ రోగులకు గంజాయి కలిపిన బ్రౌనీలను తయారుచేసి ఉచితంగా పంచి, అందుకు మూడుసార్లు అరెస్టయింది. గంజాయిని వైద్యావసరాలకు అనుమతిస్తూ 1996లో కాలిఫోర్నియా ప్రజలు ఓటుద్వారా చేసుకొన్న చట్టానికి దారితీసిన ఉద్యమంలో ఈమెది ప్రముఖ పాత్ర. అమెరికా కేంద్ర ప్రభుత్వ నిషేధం అమలులో ఉండగానే ఒక రాష్ట్రం ఇటువంటి చట్టం చేసుకోవడం అదే ప్రథమం.

బ్రౌనీ అనేది మైదా, వెన్న, గుడ్లు, చాక్లెట్టు కలిపి ఓవెన్‌లో కాల్చి, చదరపు ముక్కలుగా కోసే కేకు వంటి తీపి తినుబండారం. అమెరికాలో దీనిని దాదాపు ప్రతి ఇంటా చేసుకొంటారు. ఇక మేరీ జేన్ అనేది గంజాయికి అమెరికనులు వాడే మారుపేర్లలో ఒకటి. ఈమెకు ఆ పేరు వచ్చినది మాత్రం ఆ కారణాన కాదు. అది తల్లి పెట్టిన పేరే.

బాల్యము, తొలి జీవితము

మేరీ జేన్ ఇల్లినాయ్ రాష్ట్రంలోని షికాగో నగరంలో జన్మించింది. తల్లి ఐరిష్ సంతతికి చెందిన సంప్రదాయ కాథలిక్కు. బాల్యం మిన్నెసోటా రాష్ట్రంలోని మిన్నియాపొలిస్‌లో గడిచింది. కాథలిక్కు పాఠశాలలో చదువుతుండగా, పదమూడేళ్ళ వయసులో బెత్తంతో కొట్టబోయిన ఒక సన్యాసినికి ఎదురుతిరిగింది. కొంతకాలానికే ఇల్లు విడిచి హోటల్లో వెయిట్రెస్‌గా చేరింది. వయసు మీరేవరకు ఈమెకు జీవనాధారం ఆ పనే.

యౌవనంలోనే గని కార్మికులకు సంఘాలు పెట్టుకొనే హక్కు కావాలని విస్కాన్సిన్ వెళ్ళి ప్రచారం చేసింది. 1940ల చివరలో మిన్నియాపొలిస్‌లో స్త్రీల గర్భస్రావ హక్కు కోసం పనిచేసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో శాన్ ఫ్రాన్సిస్కో చేరి అక్కడ వివాహం చేసుకొన్నది. ఆ వివాహం ఎంతోకాలం నిలువలేదు. ఏకైక కుమార్తె పెగ్గీ. తరువాత నెవాడా రాష్ట్రంలోని రీనోలో నివసిస్తుండగా, 1970ల తొలినాళ్ళలో త్రాగి కారు నడిపిన వ్యక్తి కారణంగా జరిగిన ప్రమాదంలో పెగ్గీ మరణించింది. ఆ పిమ్మట మేరీ జేన్ ఒంటరిగా శాన్ ఫ్రాన్సిస్కోకు తిరిగి వచ్చింది. తరువాతి రోజులలో తాను సాకిన రోగులందరినీ ఆమె తన పిల్లలనే పిలిచేది.

కాస్ట్రో వీథిలో

1974లో కాస్ట్రో పేటలోని కెఫే ఫ్లోర్ అనే కాఫీ హోటల్లో ఆమెకు డెన్నిస్ పెరోన్‌తో పరిచయమైంది. పెరోన్ అమెరికా వైమానిక దళంలో చేరి వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. గంజాయి వ్యాపారం చేస్తూనే దాని నిషేధం తొలగించాలని బహిరంగంగా పోరాడేవాడు. వీరిద్దరి స్నేహం ఆమె మరణం వరకు కొనసాగింది.

అప్పటికి ఆమె ఐహాప్ అనే ఫలహారశాలలో వెయిట్రెస్. జీతం చాలక గంజాయి కలిపిన బ్రౌనీలను బుట్టలో పెట్టుకొని కాస్ట్రో వీథులలో అమ్మడం మొదలుపెట్టింది. 1980 నాటికి రోజుకు దాదాపు 50 డజన్లు చేసేది. దుకాణాల ప్రకటన పలకలమీద తన సరుకును గురించి చీటీలు కూడా అంటించేది. ఈమెను మొదటినుండీ సేవామూర్తిగా చిత్రించే రచనలు కొన్ని ఉన్నాయి గాని, అది సరికాదు. ఆ దశలో ఆమె చేసినది చట్టవిరుద్ధమైన చిన్న వ్యాపారమే. ఆమె జీవితంలోని మార్పు తరువాత వచ్చింది.

మొదటి రెండు అరెస్టులు

1981 జనవరి 14 రాత్రి పోలీసులు ఆమె ఇంటిమీద దాడిచేశారు. 18 పౌండ్లకు (8 కిలోలకు) పైగా గంజాయి, 54 డజన్ల బ్రౌనీలు, మరికొన్ని మత్తుపదార్థాలు దొరికాయి. అప్పటికి ఆమె వయసు 58. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, అమ్మమ్మను తలపించే రూపం చూసి పత్రికలవారు ఆమెకు బ్రౌనీ మేరీ అని పేరుపెట్టారు. ఆ పేరే స్థిరపడింది. ఆమె నేరం అంగీకరించగా, న్యాయస్థానం మూడేళ్ళ ప్రొబేషన్‌తోపాటు 500 గంటల సమాజసేవను శిక్షగా విధించింది.

ఈ శిక్షయే ఆమె జీవితాన్ని మలుపు త్రిప్పింది. ఆ గంటలలో కొన్నిటిని ఆమె శాంతి ప్రాజెక్టులో గడిపింది. తీవ్ర వ్యాధిగ్రస్తులకు ఆసరాగా నిలిచే ఈ సంస్థను 1974లో స్థాపించారు. దాని పేరు మన శాంతి శబ్దమే. 500 గంటల పనిని ఆమె రెండు నెలలలోనే ముగించివేసింది. ముగిసిన తరువాత కూడా వెళ్ళడం మానలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే, 1981 జూన్‌లో, తరువాత ఎయిడ్స్ అని పేరుపెట్టిన వ్యాధిని గురించి మొదటి వైద్య నివేదిక వెలువడింది. కాస్ట్రో పేట యువకులు ఒకరి వెంట ఒకరు మంచాన పడ్డారు. వారిలో చాలామంది ఆమె బ్రౌనీలు కొన్నవారే. వ్యాధికి మందు లేదు. మొదటి మందు ఏజెడ్‌టీకి 1987లో గాని అనుమతి రాలేదు. వచ్చిన తరువాత కూడా దాని వలన విపరీతమైన వికారం కలిగేది. ఆకలి చచ్చిపోయి, తిన్నది ఇమడక, ఎముకల గూడుగా మారి మరణించడం ఈ వ్యాధిలో సాధారణం. బ్రౌనీ తిన్న రోగులకు వాంతులు తగ్గి ఆకలి పుట్టడం ఆమె గమనించింది. కేన్సర్ మందులు వాడేవారిలోనూ ఇదే కనిపించింది.

1982 డిసెంబరు 7న మార్కెట్ వీథిలో బ్రౌనీల సంచితో నడిచివెళ్తుండగా, మునుపు తనను అరెస్టు చేసిన అధికారే ఎదురుపడ్డాడు. కేన్సర్ చికిత్స పొందుతున్న మిత్రునికోసం ఆమె వాటిని తీసుకువెళ్తున్నది. ప్రొబేషన్‌ను ఉల్లంఘించిందని కూడా కేసు పెట్టారు. కాని జిల్లా అటార్నీ ఆ కేసును ఉపసంహరించుకొన్నాడు.

ఆసుపత్రి సేవ

1984 నుండి ఆమె శాన్ ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రిలోని 86వ వార్డులో స్వచ్ఛంద సేవకురాలిగా పనిచేసింది. ఇది ఎయిడ్స్ రోగుల కోసం ఏర్పడిన విభాగం. రోగులను చక్రాల కుర్చీలో త్రిప్పడం, పరీక్షలకు నమూనాలు చేరవేయడం, ఎవ్వరూ రాని వారి ప్రక్కన కూర్చోవడం ఆమె పని. సొంత కుటుంబాలే దగ్గరకు రావడానికి జంకిన రోజులవి. 1986లో ఆసుపత్రి ఆమెను ఆ సంవత్సరపు ఉత్తమ స్వచ్ఛంద సేవకురాలిగా గౌరవించింది.

ఇంటివద్ద మాత్రం బ్రౌనీల పని సాగుతూనే ఉంది. అయితే ఇప్పుడు అమ్మకం లేదు. సాగుదారులు గంజాయిని ఉచితంగా ఇచ్చేవారు. మైదా, వెన్న, చాక్లెట్టు వంటి వాటికి తన నెలసరి వృద్ధాప్య భృతి, సుమారు 650 డాలర్లు, అందులోనుండే వెచ్చించేది. అడిగేవారు ఎక్కువై అందరికీ చేయలేకపోయినపుడు, పేర్లు వ్రాసిన చీటీలను ఒక జాడీలో వేసి తీసి, వచ్చిన పేరువారికి ఇచ్చేది. ఆమె ఆరోగ్యమూ అంతంతమాత్రమే. కీళ్ళ వాతం వలన మోకాళ్ళకు కృత్రిమ కీళ్ళు అమర్చారు. పెద్దప్రేగు కేన్సర్ నుండి బయటపడింది. ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉండేది. నొప్పికి తానూ బ్రౌనీలనే వాడేది.

చట్టపు నేపథ్యము

అమెరికాలో గంజాయి నిషేధం రెండంచెలది. కేంద్ర ప్రభుత్వం 1937లో పన్ను చట్టం రూపంలో నియంత్రణ తెచ్చింది. 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టం గంజాయిని హెరాయిన్‌తోపాటు మొదటి షెడ్యూలులో చేర్చింది. మొదటి షెడ్యూలు అనగా వైద్యోపయోగం లేనివిగా ప్రభుత్వం పరిగణించే పదార్థాల జాబితా. రాష్ట్రాలకు తమతమ నిషేధ చట్టాలు వేరుగా ఉండేవి. దేశంలో గంజాయి అరెస్టులలో అత్యధికభాగం చేసేది స్థానిక పోలీసులే, రాష్ట్ర చట్టం క్రిందనే. మేరీని మూడుసార్లూ పట్టుకొన్నది కేంద్ర అధికారులు కారన్న విషయం ఇక్కడ గమనించదగినది. తమ చట్టాన్ని అమలుచేయమని రాష్ట్ర పోలీసులను ఆజ్ఞాపించే అధికారం కేంద్రానికి లేదు. కాబట్టి రాష్ట్రం తన నిషేధాన్ని సడలించుకొంటే, కేంద్ర నిషేధం పుస్తకంలో ఉన్నా దానిని అమలుచేసే చేతులు కొద్దివే మిగులుతాయి. కాలిఫోర్నియా ఉద్యమమంతా ఈ సూక్ష్మం మీద నడిచింది.

కాలిఫోర్నియాలో మరొక సౌకర్యం కూడా ఉంది. నిర్ణీత సంఖ్యలో ఓటర్ల సంతకాలు సేకరిస్తే శాసనసభతో నిమిత్తం లేకుండా ఒక ప్రతిపాదనను నేరుగా ప్రజల ఓటుకు పెట్టవచ్చును. మన దేశంలో ఇటువంటి పద్ధతి లేదు. 1972లో గంజాయిని నేరాల జాబితానుండి తొలగించాలని పెట్టిన 19వ ప్రతిపాదనకు మూడోవంతు ఓట్లే వచ్చాయి. 1975లో శాసనసభ ఒక ఔన్సులోపు గంజాయి కలిగి ఉండటాన్ని వంద డాలర్ల జరిమానాతో సరిపెట్టే చిన్న నేరంగా మార్చింది. 

మరొకప్రక్క కేంద్ర ప్రభుత్వమే 1978 నుండి కొద్దిమంది రోగులకు ప్రత్యేకానుమతితో గంజాయి సిగరెట్లు సరఫరా చేసేది. ఎయిడ్స్ రోగుల దరఖాస్తులు వచ్చిపడగా, 1992లో క్రొత్తవారిని చేర్చుకోవడం నిలిపివేసింది. వైద్యోపయోగం లేదని చట్టంలో వ్రాసుకొని, అదే పదార్థాన్ని రోగులకు సరఫరా చేయడం ఆ విధానంలోని వైరుధ్యం. గంజాయిలోని ముఖ్య పదార్థంతో చేసిన మాత్రకు 1985లో అనుమతి లభించింది గాని, ఎడతెగని వాంతులతో బాధపడేవారికి మాత్ర మ్రింగడమే కష్టమయ్యేది.

1992 నాటి కేసు

1990 జనవరిలో పోలీసులు పెరోన్ ఇంటిమీద దాడిచేసి నాలుగు ఔన్సుల గంజాయి పట్టుకొన్నారు. అతని జీవన సహచరుడు జొనాథన్ వెస్ట్ ఎయిడ్స్ చివరి దశలో ఉండి కూడా కోర్టుకు వచ్చి, అది తాను ఔషధంగా వాడుకొనేదని సాక్ష్యం చెప్పాడు. ఆ సెప్టెంబరులో వెస్ట్ మరణించాడు. ఆ దుఃఖంలో పెరోన్ తలపెట్టినదే శాన్ ఫ్రాన్సిస్కో నగరపు పీ ప్రతిపాదన. గంజాయిని వైద్యులు ఔషధంగా వాడుకొనే వీలు పునరుద్ధరించాలని రాష్ట్రాన్ని కోరే ఈ తీర్మానానికి 1991 నవంబరులో సుమారు 80 శాతం నగర ఓటర్లు సమ్మతించారు. దీని ప్రచారంలో మేరీ పాల్గొన్నది. అది అభ్యర్థన మాత్రమే, చట్టం కాదు.

1992 జూలైలో సొనోమా కౌంటీలోని కాజడేరో గ్రామంలో ఒక సాగుదారు ఇంట్లో బ్రౌనీల పిండి కలుపుతుండగా ఆమెను మూడవసారి అరెస్టు చేశారు. రెండున్నర పౌండ్ల గంజాయి దొరికింది. నేరం రుజువైతే ఆ వయసులో జైలు తప్పదు. ఈసారి ఆమె నేరం అంగీకరించలేదు. ప్రాణాపాయంలో ఉన్న రోగుల వైద్యావసరం దృష్ట్యా చేసిన పని నేరం కాదన్న వాదనను ఆమె న్యాయవాది టోనీ సెర్రా చేపట్టాడు. దేశమంతటి వార్తాసంస్థలూ ఈ కేసును ప్రసారం చేశాయి. అరవైతొమ్మిదేళ్ళ ఆసుపత్రి సేవకురాలిని జైలుకు పంపే ప్రయత్నం ప్రభుత్వ న్యాయవాదులకు ఇరకాటంగా పరిణమించింది. డిసెంబరులో అభియోగాలను ఉపసంహరించుకొన్నారు.

కేసు నడుస్తుండగానే ఆమె నగర పాలకమండలి ఎదుట హాజరై వార్డులో తాను చూసినది వివరించింది. వైద్యావసరానికి గంజాయి వాడేవారిని అరెస్టు చేయడాన్ని అన్నిటికంటె చివరి ప్రాధాన్యంగా చూడాలని మండలి పోలీసులను కోరుతూ తీర్మానించింది. 1992 ఆగస్టు 25ను బ్రౌనీ మేరీ దినంగా కూడా ప్రకటించింది. ఒక కౌంటీలో ముద్దాయిగా ఉన్న మనిషి ప్రక్క నగరంలో అదే పనికి సన్మానం పొందడం విచిత్రమే.

ఈ అరెస్టు వార్త వలన మరొక ప్రయోజనం కలిగింది. 86వ వార్డులో ఆమెను ఎరిగిన వైద్యుడు డోనాల్డ్ అబ్రామ్స్, ఎయిడ్స్ రోగులలో గంజాయి ప్రభావాన్ని శాస్త్రీయంగా పరిశోధించడానికి పూనుకొన్నాడు. కేంద్ర సంస్థలు కొన్నేళ్ళపాటు గంజాయి సరఫరాకు నిరాకరించి, చివరికి 1997లో అంగీకరించాయి. 2003లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఆ స్వల్పకాలిక పరిశీలనలో గంజాయి పీల్చిన రోగుల రక్తంలో వైరస్ పెరగలేదు.

215వ ప్రతిపాదన

పెరోన్ ఆ తరువాత శాన్ ఫ్రాన్సిస్కో కానబిస్ బయ్యర్స్ క్లబ్ అనే కేంద్రాన్ని తెరిచాడు. వైద్యుని పత్రం చూపిన రోగులకు అక్కడ గంజాయి లభించేది. మేరీ దీనికి తోడ్పడింది. కాలిఫోర్నియా శాసనసభ వైద్యావసరాల గంజాయికి అనుకూలంగా 1994, 1995లలో బిల్లులు ఆమోదించగా, గవర్నరు పీట్ విల్సన్ రెండింటినీ త్రోసిపుచ్చాడు. దానితో ఉద్యమకారులు ప్రజల ఓటునే ఆశ్రయించారు. సంతకాల సేకరణ మందగించిన దశలో జార్జ్ సోరోస్, పీటర్ లూయిస్ వంటి సంపన్నులు ధనం సమకూర్చారు. ప్రచారం పెరోన్ చేతినుండి అనుభవజ్ఞులైన ప్రచార నిర్వాహకుల చేతికి మారింది. 

1996 ఆగస్టు 4న రాష్ట్ర అటార్నీ జనరల్ డాన్ లంగ్రెన్ ఆదేశంతో రాష్ట్ర అధికారులు క్లబ్బుపై దాడిచేసి మూసివేశారు. అది నిజమైన రోగులకే పరిమితం కాలేదన్నది వారి ఆరోపణ. ప్రతిపాదనకు వ్యతిరేకుల వాదనలను తీసిపారవేయలేము. ఇతర మందులకు చేసే పరీక్షలు గంజాయికి జరుగలేదు. మోతాదు తెలియదు. వైద్యుడు నోటిమాటగా సిఫారసు చేసినా చాలునని, పేర్కొన్న వ్యాధులే గాక ఉపశమనం కలిగే ఏ వ్యాధికైనా వర్తిస్తుందని ప్రతిపాదనలో ఉండటం దుర్వినియోగానికి తావిచ్చింది కూడా. అయినను 1996 నవంబరు 5న 55.6 శాతం ఓట్లతో 215వ ప్రతిపాదన గెలిచింది.

చివరి రోజులు

1996లోనే మేరీ, పెరోన్ కలిసి వంటల పుస్తకమొకటి ప్రచురించారు. విశేషమేమంటే ఆమెకు పేరుతెచ్చిన బ్రౌనీల తయారీ విధానం మాత్రం ఆమె ఎన్నడూ వెల్లడించలేదు. నిషేధం తొలగిన నాడు దానిని ఏదైనా పెద్ద కేకుపిండి కంపెనీకి అమ్మి, ఆ సొమ్ముతో ఎయిడ్స్ రోగులకోసం ఒక పాత ఇల్లు కొనాలని ఆమె కోరిక. అది నెరవేరలేదు. 1997లో నగరంలో జరిగిన ప్రైడ్ ఊరేగింపునకు ఆమె, పెరోన్ అగ్రభాగాన నిలిచారు. ఆపై ఆరోగ్యం క్షీణించి లగునా హోండా ఆసుపత్రిలో చేరింది. అక్కడే 1999 ఏప్రిల్ 10న గుండెపోటుతో, 76వ ఏట మరణించింది. కాస్ట్రో పేటలో కొవ్వొత్తులతో జరిగిన సంస్మరణకు వందలాది మంది వచ్చారు. జిల్లా అటార్నీ టెరెన్స్ హాలినన్ కూడా హాజరై ప్రసంగించాడు.

అనంతర పరిణామాలు

చట్టం వచ్చినంత మాత్రాన వివాదం ముగియలేదు. గంజాయిని సిఫారసు చేసే వైద్యుల అనుమతులు రద్దుచేస్తామని 1996 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం హెచ్చరించింది. ఎయిడ్స్ చికిత్సలో పేరొందిన మార్కస్ కొనాంట్ తదితరులు కోర్టుకు వెళ్ళగా, రోగికి సలహా చెప్పడం వాక్స్వాతంత్ర్యంలో భాగమని 2002లో అప్పీలు న్యాయస్థానం తీర్పునిచ్చింది. కాని సరఫరా విషయంలో కేంద్రానిదే పైచేయి అయింది. 2001లో ఓక్‌లండ్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు కేంద్ర చట్టం క్రింద వైద్యావసరమన్న వాదన చెల్లదన్నది. 2005లో గొన్జాలెజ్ - రైచ్ కేసులో, రాష్ట్ర చట్టం అనుమతించినా సొంత వాడకానికి ఇంట పెంచుకొన్న గంజాయిపై కూడా కేంద్ర చట్టం వర్తిస్తుందని 6-3 ఆధిక్యతతో తీర్పుచెప్పింది. అయినను రాష్ట్రాలు ఆగలేదు. ఆరెగాన్, వాషింగ్టన్, అలాస్కా 1998లోనే కాలిఫోర్నియా బాట పట్టాయి. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు 2012లో వైద్యేతర వాడకాన్ని సైతం ఓటుద్వారా అనుమతించాయి. వైద్యావసరాల గంజాయి విషయంలో రాష్ట్రాల చట్టాలకు అడ్డుపడటానికి కేంద్ర న్యాయశాఖ నిధులు వెచ్చించరాదని 2014 డిసెంబరులో కాంగ్రెస్ బడ్జెట్ చట్టంలో షరతు చేర్చింది.

కాలిఫోర్నియాలో 2016 నాటి 64వ ప్రతిపాదనతో పెద్దలందరికీ గంజాయి చట్టబద్ధమై, 2018 జనవరి నుండి దుకాణాలలో అమ్మకం మొదలైంది. దానితో లైసెన్సులు, పన్నులు వచ్చాయి. బీద రోగులకు గంజాయిని ఉచితంగా ఇచ్చే ధర్మసంస్థలు కూడా, ఒక్క డాలరు పుచ్చుకోకపోయినా, పన్ను కట్టవలసి వచ్చింది. మేరీ చేసినటువంటి పనియే చట్టబద్ధత కారణంగా భారమైపోయింది. పలు సంస్థలు మూతపడ్డాయి. ఈ పన్నును తొలగించే బిల్లును 2018లో గవర్నరు జెర్రీ బ్రౌన్ తిరస్కరించాడు. 2019లో సెనేటరు స్కాట్ వీనర్ మరల ప్రవేశపెట్టిన బిల్లుపై గవర్నరు గావిన్ న్యూసమ్ సంతకం చేశాడు. 2020 మార్చి నుండి అమలులోకి వచ్చిన ఈ శాసనానికి డెన్నిస్ పెరోన్ - బ్రౌనీ మేరీ చట్టమని పేరు.